తీగ, తంత్రి, వైరు: గిటారు పటంలో ఏ మాట ఎక్కడ?

సందేహం: నల్లగొండలో ఒక వడ్రంగి చేత టేకు చెక్కతో ఎలక్ట్రిక్ గిటారు చేయించుకుంటున్నాను. దానిలో తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే రెండు హంబకర్ పికప్‌లు, ఒక వాల్యూమ్ కంట్రోల్, ఒక టోన్ కంట్రోల్, మూడు స్థానాల స్విచ్చు ఉంటాయి. సోల్డరింగ్ చేసిపెట్టే టీవీ మెకానిక్ కోసం వైరింగ్ పటాన్ని తెలుగులో రాశాను. అందులోని ‘గ్రౌండు తీగను బ్రిడ్జికి కలపాలి’ అన్న వాక్యం ఆయనకు అర్థం కాలేదు. ‘తీగ’ అనడం తప్పా? ‘గ్రౌండ్’ను ‘భూమి’ అనీ, సిగ్నల్‌ను మోసే ‘హాట్’ వైరును ‘వేడి’ వైరు అనీ రాయవచ్చా? (ఒక పాఠకుడు, నల్లగొండ)

సమాధానం: ‘తీగ’ తప్పు మాట కాదు. మల్లెతీగ, ముళ్ళతీగ, వీణ తీగ, కరెంటు తీగ అంటూ సన్నగా పొడవుగా సాగే వాటన్నిటికీ తెలుగులో ఈ ఒక్క మాటే చాలింది. మామూలు మాటల్లో సందర్భమే అర్థాన్ని తేల్చేస్తుంది కనుక ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మీ పటంలో మాత్రం రెండు రకాల తీగలు ఒకే చోట చేరుతున్నాయి. వాయించే తీగలు గిటారు ఒంటి మీద వాటిని ఆనించి నిలిపే లోహపు బ్రిడ్జి మీదుగా సాగుతాయి. చెక్కలో తొలిచిన సన్నని రంధ్రం గుండా వచ్చే గ్రౌండ్ వైరు అదే బ్రిడ్జికి అడుగున తగులుతుంది. వాయించేవారి చెయ్యి లోహపు తీగలను తాకగానే ఇంటి కరెంటు వల్ల పుట్టే హోరు తగ్గేది ఆ వైరు వల్లనే. అంటే ఒక తీగ మరో తీగను గ్రౌండ్ చేస్తున్నది. అక్కడ ‘తీగ’ అని మాత్రమే రాస్తే చదివేవారు తడబడడం సహజం.

అందువల్ల వాయించేవాటిని ‘తంత్రులు’ అనీ, విద్యుత్తును మోసేవాటిని ‘వైర్లు’ అనీ రాయమంటాను. తంత్రీవాద్యం అన్న మాట అందరికీ తెలిసినదే. దాని తోబుట్టువైన ‘తంతి’ తపాలా శాఖ పేరులో చేరి టెలిగ్రామ్‌కు స్థిరపడింది. 2013 జూలైలో ఆ సేవ ముగిసినా ఆ గుర్తు ఇంకా పోలేదు కనుక దానిని ఇక్కడికి లాగనక్కరలేదు. ఇక మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలైన ఫ్రెట్‌లకు ‘మెట్లు’ అని నిస్సంకోచంగా రాయండి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారి వాద్యాన్ని పాలమూరు జనం పన్నెండు మెట్ల కిన్నెర అనే పిలుస్తారు. ఇంత దగ్గరి మాట ఉండగా కొత్తది వెతకడం దేనికి?

‘భూమి’ సంగతి వేరు. మన దగ్గర కరెంటు పని తెలిసినవారికి ‘ఎర్తింగ్’ అనగానే ఉప్పు, బొగ్గు వేసి నింపిన గుంత గుర్తుకు వస్తుంది. గిటారులో గ్రౌండ్ అంటే సిగ్నల్ తిరిగి వెళ్ళే ఉమ్మడి దారి; పికప్‌ల రెండో కొసలు, కంట్రోళ్ళ లోహపు తొడుగులు, బ్రిడ్జి, చెక్క గూటి లోపల అతికించిన రాగి రేకు, కేబుల్ దూర్చే జాక్‌లోని స్లీవ్ (గ్రౌండ్ వైపు కొస), ఇవన్నీ అందులో కలుస్తాయి. ఆ దారి కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్‌కు చేరి, అక్కడి మూడు పిన్నుల ప్లగ్గు నుంచి మాత్రమే నిజమైన ఎర్తింగ్‌కు వెళుతుంది. మీరు ‘భూమి’ అని రాస్తే మెకానిక్ గిటారు నుంచే నేలలోకి వేరే వైరు వేయాలనుకోవచ్చు. ‘గ్రౌండ్’ అనే ఉంచండి. ‘వేడి వైరు’ అంతకంటే ప్రమాదం: అది కాలుతుందేమోనని ఒకరు, ఇంటి ఫేజ్ వైరేమోనని మరొకరు అనుకుంటారు. ‘సిగ్నల్ వైరు’ అంటే చాలు. ఈ లెక్కన మీ వాక్యం ‘వాల్యూమ్ కంట్రోల్ తొడుగు నుంచి గ్రౌండ్ వైరును బ్రిడ్జి అడుగుకు సోల్డర్ చేయాలి’ అని మారుతుంది. ‘నుంచి’, ‘కు’ అన్న రెండు ప్రత్యయాలూ ఉంటే వైరు రెండు కొసలూ చదివేవారి కళ్ళకు కడతాయి.

మీరు అడగకపోయినా కుడి, ఎడమల గురించి కూడా చెప్పాలి. గిటారును ముందు నుంచి చూస్తాం. సోల్డరింగ్ వెనుక నుంచి చేస్తాం. మనిషి అటు తిరగగానే కుడి, ఎడమలు తారుమారవుతాయి. వాల్యూమ్ కంట్రోల్ మూడు కాళ్ళలో మొదటిదీ మూడోదీ మారిపోతే నాబ్‌ను పెంచుతున్నకొద్దీ శబ్దం తగ్గుతుంది. అందుకని పటం పైన ‘ఇది వెనుక నుంచి చూసినట్టు గీసినది’ అని రాసి, పికప్‌లను ‘మెడ వైపు పికప్’, ‘బ్రిడ్జి వైపు పికప్’ అని పేర్కొనండి.

‘కలపబడవలెను’ వద్దు, ‘కలపాలి’ చాలు. కంట్రోళ్ళ విలువలను ‘500 కె’ అని కాక ‘500 కిలో ఓమ్‌లు’ అని పూర్తిగా రాయండి. కెపాసిటర్ దగ్గర ‘0.022 మైక్రోఫారడ్’లో ముందున్న సున్నాను వదలకండి. చేతిరాతలో చుక్క సరిగా పడకపోయినా అక్కడ దశాంశం ఉందని ఆ సున్నాయే చెబుతుంది.