పడమటి ఎండకు అడ్డు ఎక్కడ కట్టాలి?

ప్రశ్న: మాది మూడో అంతస్తు ఫ్లాట్. హాలు కిటికీ పడమర వైపు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. పైన సజ్జ ఉంది, స్లైడింగ్ అద్దాలు మూసే ఉంచుతాం. అయినా రెండేళ్లకే నీలం సోఫా వెలిసిపోయింది. సన్ ఫిల్మ్ వేయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సజ్జ మిట్టమధ్యాహ్నపు ఎండకే పనికొస్తుంది. మూడు దాటాక సూర్యుడు వాలిపోయి, ఎండ దాని కిందుగా ఏటవాలుగా లోపలికి వస్తుంది. మామూలు అద్దం యూవీ-బి కిరణాలను చాలావరకు ఆపుతుంది గానీ, 320–400 నానోమీటర్ల యూవీ-ఎ కిరణాలను ఎక్కువ భాగం వదిలేస్తుంది. గుడ్డ రంగును తినేసేది ముఖ్యంగా అవే. మామూలు వెలుతురు, వేడి కూడా వాటికి తోడవుతాయి. అందుకే 99 శాతం యూవీ ఆపే ఫిల్మ్ వేసినా వెలవడం నెమ్మదిస్తుంది, ఆగదు.

ముందు అద్దానికి బయట అడ్డు కట్టండి. లోపలి కర్టెన్ ఎంత మందమైనా, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్న వెదురు చిక్ (చుట్టుకునే వెదురు తెర) తీసుకుని సజ్జ కింద కొక్కేలకు వేలాడదీయండి. అద్దానికి, చిక్‌కు మధ్య 4–6 అంగుళాల ఖాళీ ఉంటే గాలి ఆడి వేడి పైకి పోతుంది. మూడో అంతస్తులో గాలి జోరు కాబట్టి కింది రెండు మూలలూ తాడుతో గ్రిల్‌కు కట్టాలి. వానాకాలంలో చుట్టి లోపల పెట్టకపోతే బూజు పడుతుంది. బయట కట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోకపోతే అప్పుడు ఫిల్మ్.

ఫిల్మ్ నల్లగా ఉంటే ఎక్కువ ఆపుతుందన్నది అపోహ. నలుపు వేడిని పీల్చుకుంటుంది. అద్దం సగం ఎండలో, సగం నీడలో ఉంటే నడిమి భాగం వేడెక్కి, అంచు చల్లగా ఉండి పగిలే ప్రమాదం ఉంది. రెండు పొరల అద్దాలకూ, లోపల తీగ ఉన్న అద్దాలకూ ఈ ముప్పు ఎక్కువ. అంటించాక సన్నటి నీటి బుడగలు కొన్ని వారాల్లో ఆరిపోతాయి, నెల రోజులు తుడవకండి. అద్దంలా మెరిసే రకమైతే రాత్రి లైటు వేయగానే బయటివాళ్లకు ఇల్లంతా కనిపిస్తుంది, కర్టెన్ ఎలాగూ తప్పదు.

ఆ కర్టెన్‌కు రాడ్ కిటికీకి అటూ ఇటూ 6 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 5 అడుగులు. గుడ్డ దానికి రెట్టింపు, 10 అడుగులు. 4 అడుగుల రెడీమేడ్ పరదాలైతే మూడు కావాలి. రెండే వేస్తే మడతలు పలచబడతాయి. మధ్యలో సందు పడితే, ఆ సందులోంచి ఎండ సోఫా మీద గీతలా వెలిసిన చార వదులుతుంది. అద్దం వైపు తెల్లని లైనింగ్ వేరుగా కుట్టించండి. ఎండ తినేది దాన్నే, పాడైతే మార్చుకోవచ్చు. వెలుతురును పూర్తిగా ఆపే బ్లాకౌట్ గుడ్డ వెనుక పూతను వేడి నీళ్లలో ఉతికితే పొట్టు రేగుతుంది.

ప్రశ్న: టేకు బల్ల మీద గుడ్డ పరిచిన చోట ఒక రంగు, మిగతా చోట మరో రంగు వచ్చాయి. పాలిష్ చేయించాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందే వద్దు. గుడ్డ తీసేసి కొన్ని వారాలు బల్ల మొత్తానికీ ఒకేలా వెలుతురు తగలనివ్వండి, తేడా చాలావరకు కలిసిపోతుంది. వార్నిష్ పొర లేచి ఉంటే మాత్రం పైభాగమంతా 120, ఆ తర్వాత 220 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దించి కొత్త పూత వేయించండి. మచ్చ ఉన్న చోట మాత్రమే రుద్దితే ఆ అతుకు ఎప్పటికీ కనిపిస్తుంది.