పంటి సిమెంటు మీద పూత ఎందుకు? అది తెలియాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా పాప పదో తరగతి పూర్తి చేసింది. ఈమధ్య పుచ్చిన దవడ పన్నుకి డాక్టరమ్మ సిమెంటు పెట్టి, పైన ఏదో పూత రాసి నీలం లైటు చూపించారు. "సిమెంటే గట్టిది కదా, పూతెందుకు? అది అరిగిపోతే?" అని అప్పట్నుంచీ అడుగుతోంది. ఈ రంగంలోకే వెళ్తానంటోంది. బి.డి.ఎస్. చేయించాలా? ప్లస్ టూకి విశాఖ పంపుదామనుకుంటున్నాం.

జవాబు: అమ్మా, ముందు పాప సందేహం తీరుద్దాం. మీరు చెప్పినదాన్నిబట్టి అది గ్లాస్ అయొనోమర్ సిమెంటు అయి ఉండాలి. గాజుపొడినీ ఆమ్ల ద్రవాన్నీ కలిపితే కొన్ని నిమిషాల్లో బిగుస్తుంది గానీ, లోపలి రసాయన చర్య చాలా రోజులు సాగుతూనే ఉంటుంది. ఆ తొలి గంటల్లో లాలాజలం తగిలితే పైపొర మెత్తబడుతుంది, ఆరిపోతే సన్నటి పగుళ్లు వస్తాయి. అలాంటి పైపొర నమలడానికి త్వరగా అరుగుతుంది. లైటుతో గట్టిపడే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) పూత బయటి లాలాజలం తగలకుండా, లోపలి తేమ ఆరిపోకుండా కాపాడుతుంది, పైనున్న సన్నటి రంధ్రాలనూ పూడుస్తుంది.

పూత అరిగిపోతుందన్న పాప అనుమానం నిజమే. కానీ అది పోయేసరికి అడుగున సిమెంటు ముదిరి ఉంటుంది. అసలు పూత చేసే మేలు ఆ గడువు సంపాదించి పెట్టడమే. ఓ నష్టమూ ఉంది: పంటికి మేలుచేసే ఫ్లోరైడ్ మొదట్లో తక్కువగా బయటికొస్తుంది. ఏ పూత ఎన్నాళ్లు ఆగుతుందో చూడటానికి ప్రయోగశాలల్లో నమిలే యంత్రంతో నమూనాలను లక్షల సార్లు నొక్కి, అరిగిన లోతును మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) కొలుస్తారు.

ఇక చదువు. ఈ సిమెంటును కనిపెట్టిన విల్సన్, కెంట్ లండన్ ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో పనిచేసినవాళ్లు. కాబట్టి దంతవైద్యం ఒక్కటే దారి అనుకోకండి. రోగి నోట్లో పనిచేయడం పాపకిష్టమైతే నీట్ రాసి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5 ఏళ్ల బి.డి.ఎస్., ఆపైన కన్సర్వేటివ్ డెంటిస్ట్రీలో (పుచ్చిన పళ్లను తీసేయకుండా బాగుచేసే విభాగంలో) 3 ఏళ్ల ఎం.డి.ఎస్. పదార్థం ఎందుకలా ప్రవర్తిస్తుందన్నదే లాగుతుంటే జేఈఈ మెయిన్ రాసి, రూర్కెలా ఎన్.ఐ.టి.లో సిరామిక్ ఇంజినీరింగ్ (గాజు, పింగాణీ లాంటి పదార్థాల చదువు). తర్వాత పరిశోధనకు తిరువనంతపురంలో శ్రీచిత్ర అనే వైద్య, సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. ఆమె అడిగిన ప్రశ్న చూస్తే నా మొగ్గు రెండోదానికే. ఇప్పుడే తేల్చక్కర్లేదు. ప్లస్ టూలో లెక్కలు, జీవశాస్త్రం రెండూ ఉంచండి, బరువైనా సరే.

విశాఖ సంగతి మాత్రం బాగా ఆలోచించండి. ఎన్.ఐ.టి.ల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. ఆ రాష్ట్రం ఏదన్నది పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టే. విశాఖలో ఇంటర్ చదివితే రూర్కెలాలో ఒడిశా కోటా పోతుంది, తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లో ఆంధ్ర కోటా వస్తుంది. బి.డి.ఎస్. రాష్ట్ర కోటాకు స్థానికత నియమాలు వేరు. ఫీజు కట్టకముందే రెండు రాష్ట్రాల ప్రవేశ నిబంధనలూ తెప్పించుకుని చదవండి.