కస్టమ్స్ ఉద్యోగంలో చేరనివ్వాలా, కోడింగ్ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఎయిర్ కార్గో హబ్‌లో (విమానాల్లో వచ్చే సరుకును వేరుచేసి పంపే కేంద్రంలో) ఈ-కామర్స్ పార్సిళ్లకు కస్టమ్స్ డిక్లరేషన్లు, అంటే లోపల ఏముందో, విలువెంతో కస్టమ్స్‌కు తెలిపే పత్రాలు వేసే ఒక సంస్థ ట్రైనీగా తీసుకుంటామంది. అక్కడే పనిచేసే తెలిసినాయన మాత్రం ‘ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే చేసేస్తోంది, తనొచ్చి ఏం చేస్తుంది’ అంటున్నారు. ఇది మానిపించి కోడింగ్ కోర్సులో చేర్చమంటారా? తనకేమో చేరాలనే ఉంది.

జవాబు: చేరనివ్వండి. కాకపోతే చేరేముందు ఆ సంస్థను రెండు విషయాలు అడగాలి, అవి చివర్లో చెబుతాను. మీకు తెలిసినాయన అబద్ధం చెప్పలేదు. ఆయన చూస్తున్నది డేటా ఎంట్రీ సీట్లు ఖాళీ అవడాన్ని. అది నిజంగానే జరుగుతోంది, ఇక ఆగదు కూడా.

ఎందుకో లెక్క చూస్తే అర్థమవుతుంది. 2024లో ఒక్క యూరోపియన్ యూనియన్‌లోకే 150 యూరోల లోపు విలువైన పార్సిళ్లు 460 కోట్లు వచ్చాయి. అంటే రోజుకు కోటీ 20 లక్షలకు పైనే. అక్కడ 2021 జులై నుంచి ఎంత చిన్న పార్సిల్‌కైనా డిక్లరేషన్ వేయాల్సిందే. ఇన్నింటిని మనుషులు కూర్చుని టైప్ చేయడం అయ్యే పని కాదు. కాబట్టి షాపింగ్ సైట్‌లోని ఆర్డర్ వివరాలే నేరుగా డిక్లరేషన్‌గా మారి కస్టమ్స్ సిస్టమ్‌లోకి వెళ్లిపోతున్నాయి.

వెళ్లడం కూడా సరుకు విమానం ఎక్కకముందే. దీని వెనక ఒక కథ ఉంది. 2010 అక్టోబరులో యెమెన్ నుంచి బయల్దేరిన రెండు పార్సిళ్లలో, ప్రింటర్ టోనర్ కార్ట్రిడ్జ్‌లలో దాచిన బాంబులు దొరికాయి. ఒకటి దుబాయ్‌లో, ఇంకొకటి ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ ఎయిర్‌పోర్టులో. రెండూ అప్పటికే విమానాల్లో ప్రయాణం చేసి వచ్చినవే. ఆ దెబ్బతో, ఎవరు ఎవరికి ఏం పంపుతున్నారో లోడింగ్‌కు ముందే చెప్పాలన్న నిబంధన మొదట అమెరికాలో, తర్వాత యూరప్‌లో వచ్చింది. యూరప్‌లో ఎక్స్‌ప్రెస్, పోస్టల్ పార్సిళ్లకు 2021 మార్చిలో, మొత్తం ఎయిర్ కార్గోకు 2023 మార్చిలో ఇది అమలైంది.

అందుకే జర్మనీలోని లీప్‌జిగ్, అమెరికాలోని లూయీవిల్, మెంఫిస్ లాంటి హబ్‌లలో అర్ధరాత్రి విమానం దిగేసరికి చాలా పార్సిళ్ల సంగతి తేలిపోయి ఉంటుంది. కన్వేయర్ మీద స్కానర్ బార్‌కోడ్ చదువుతుంది. కస్టమ్స్ నుంచి రిలీజ్, అంటే వదిలేయొచ్చన్న అనుమతి వచ్చి ఉంటే పార్సిల్ నేరుగా ముందుకెళుతుంది, లేకపోతే పక్క లైన్‌లోకి మళ్లుతుంది. మీ అమ్మాయి కెరీర్ ఉన్నది ఆ పక్క లైన్‌లోనే.

అక్కడ ఆగిన ఒక పార్సిల్ సంగతే చూద్దాం. వివరం దగ్గర ‘లేడీస్ టాప్’ అని రెండే మాటలు ఉన్నాయనుకోండి. దానికి హెచ్‌ఎస్ కోడ్ వేయాలి. సరుకు ఏ రకమో చెప్పడానికి ప్రపంచమంతా వాడే ఆరంకెల కోడ్ అది, అలాంటివి ఐదు వేలకు పైగా ఉంటాయి. ఆ టాప్ నూలుతో అల్లిన టీషర్ట్ అయితే 6109.10. పాలిస్టర్‌ది అయితే 6109.90. అల్లిన గుడ్డ కాకుండా నేసిన నూలు గుడ్డతో కుట్టిన మహిళల షర్ట్ అయితే కోడ్‌ల పట్టికలో అధ్యాయమే మారిపోయి 6206.30. ఫొటో చూసి సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఊహిస్తుంది, కానీ గుడ్డ అల్లిందో నేసిందో చాలాసార్లు ఫొటోలో తెలియదు. అప్పుడు అమ్మినవాళ్లను అడిగి, లేబుల్ ఫొటో తెప్పించుకుని, ఇదీ కోడ్ అని తేల్చే మనిషి కావాలి. ఆ తేడాతో సుంకం మారొచ్చు. పొరపాటు జరిగితే కస్టమ్స్ నోటీసు సాఫ్ట్‌వేర్ పేరున రాదు, డిక్లరేషన్ వేసినవారి పేరునే వస్తుంది.

స్మార్ట్ వాచ్ ఇంకో తమాషా. చేతికి పెట్టుకునేదే, టైమ్ చూపించేదే, కానీ వరల్డ్ కస్టమ్స్ ఆర్గనైజేషన్ దాన్ని గడియారాల్లో కాకుండా సమాచారం పంపే పరికరాల కింద, 8517.62లో పెట్టింది. ఇలాంటివి నేర్చుకోవడం మీ అమ్మాయికి సరదాగా అనిపిస్తే ఈ రంగం ఆమెదే. చిరాకు పుడితే మాత్రం బలవంతపెట్టకండి, రోజూ చేయాల్సింది ఇదే పని.

ఆటోమేషన్ వచ్చాక ఈ పని తగ్గలేదు, రూపం మారింది. ‘గిఫ్ట్’, ‘పార్ట్స్’, ‘శాంపిల్స్’ అని రాస్తే పాత రోజుల్లో ఎవరో ఒకరు సర్దేసేవారు, ఇప్పుడు సిస్టమ్ మొహమాటం లేకుండా తిప్పి పంపుతుంది. నిబంధనలు మారినప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న అన్ని దేశాలకూ ఎత్తేసింది. ఆ వారంలో చాలా దేశాల పోస్టల్ శాఖలు అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడమే ఆపేశాయి. సిస్టమ్‌లో ఏ ఫీల్డ్ మారాలి, సుంకం ఎవరు వసూలు చేయాలి, మూలదేశం (సరుకు తయారైన దేశం) ఎలా రుజువు చేయాలి అన్న టెన్షన్ అంతా ఇటు కస్టమ్స్, అటు డేటా రెండూ తెలిసినవాళ్ల మీద పడింది. హెచ్‌ఎస్ కొత్త కూర్పు కూడా 2028 జనవరి 1 నుంచి అమల్లోకి రానుంది. పాత కోడ్‌లను కొత్తవాటికి సరిచూసే పని కాస్తా కూస్తా ఉండదు.

ఇక కోడింగ్ సంగతి. అది నేర్చుకోవాలి, కానీ దీన్ని వదిలేసి కాదు. వట్టి కోడింగ్ తెలిసినవాళ్లు బయట బోలెడుమంది, ఆమె వాళ్ల వరసలో చివర నిలబడాల్సి వస్తుంది. మొదటి ఏడాది హెచ్‌ఎస్ వర్గీకరణకు ఉన్న ఆరు సాధారణ సూత్రాలు, సరుకు విలువ కట్టే పద్ధతి గట్టిగా పట్టుకోమనండి. దాంతోపాటు ఎక్సెల్, డేటాబేస్‌లోంచి కావాల్సిన వివరాలు లాగే భాష ఎస్‌క్యూఎల్. రాత్రి ఆగిన 500 పార్సిళ్లలో 300 ఒకే అమ్మకందారువని, కారణం కూడా ఒకటేనని పది నిమిషాల్లో తేల్చగలిగితే చాలు, మేనేజర్ ఆమెను డేటా ఎంట్రీ దగ్గర ఉంచడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రెండో ఏడాదికి పెట్టుకోవచ్చు, కంగారేం లేదు.

ఒక ఇబ్బంది దాచను. హబ్ అంటే నైట్ షిఫ్టులు. విమానాలు ఎక్కువగా రాత్రిళ్లే దిగుతాయి, పండగ అమ్మకాల సీజన్‌లో సెలవులు దొరకడం కష్టం. ఈ విషయం ఆమెతో ముందే మాట్లాడండి.

సంస్థను అడగాల్సినవి ఇవి. ట్రైనీ రోజులో టైపింగ్ ఎంతసేపు? ఆగిన పార్సిళ్లు చూసే డెస్క్‌కు ఎన్ని నెలలకు పంపిస్తారు? ఆర్నెల్లలోపు పంపుతామని కాగితం మీద రాసిస్తే నిశ్చింతగా చేర్చండి. ‘చూద్దాం, ముందు చేరనివ్వండి’ అని దాటేస్తే అది మీకు తెలిసినాయన చెప్పిన ఉద్యోగమే. అప్పుడు ఇంకో సంస్థ చూసుకోమనండి, ఈ రంగాన్ని మాత్రం వదలొద్దనండి.