రిఫరల్ చీటీ రాసేముందు

చిరంజీవి మేనల్లుడికి గుంటూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

విజయవాడలో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో ఆఫీసర్ ఇన్‌ఛార్జిగా చేరావని అక్కయ్య ఫోన్ చేసింది. సంతోషం. 2003 ఏప్రిల్‌లో ఆ స్కీము వచ్చిన కొత్తలో కౌంటర్లో కూర్చుని తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

మన దగ్గరికొచ్చే మాజీ సైనికుడు సర్వీసులో ఉన్నన్నాళ్లూ జ్వరమొస్తే సిక్ రిపోర్టు చేసి, యూనిట్లోని చిన్న దవాఖానా, అదే ఎంఐ రూమ్‌కే వెళ్లాడు. అక్కడి డాక్టర్ పంపితేనే మిలిటరీ హాస్పిటల్. ఎప్పుడూ గొణగలేదు. రిటైరయ్యాక మెడికల్ అలవెన్సు కింద నెలకి వంద రూపాయలు వచ్చేవి. వాటితో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లేవాడు, పెద్ద జబ్బయితే మిలిటరీ హాస్పిటల్ కోసం సికింద్రాబాద్ రైలెక్కేవాడు. ఆ వంద వదులుకుని ఈ స్కీము కార్డు తీసుకున్నాక, 'నేరుగా కార్పొరేట్ ఆసుపత్రికి పోకూడదు, ముందు ఇక్కడికి రా, మేం రిఫరల్ చీటీ రాస్తేనే వెళ్లు' అంటే కోపం రాదూ? రూల్సు చదివి వినిపించకు. 'సుబేదార్ సాబ్, ఇది మీ ఎంఐ రూమే' అని చెప్పు. నాకు ఈ ముక్క తట్టేసరికి ఏడాది పట్టింది. అమెరికా సైన్యంలోనూ ఇదే గొడవట. 1990లలో ట్రైకేర్ అనే వైద్య పథకం పెట్టి, ముందు ఫలానా డాక్టర్నే చూడాలన్నారు.

అసలు కీలకం రిఫరల్ కాదు, మందుల కిటికీ. మాచర్ల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి బుక్కు, షుగరు మాత్రల స్ట్రిప్పులో రెండే బిళ్లలు. స్టాకు లేదు, వచ్చేవారం రమ్మన్నాను. ఆయన స్ట్రిప్పు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. అందుకే ఏ మందు అయిపోవస్తోందో వారం ముందే చూసుకో. దూరం నుంచి వచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు ఫార్మసిస్టు దగ్గర ఉంచు.

ఇక మన ప్యానెల్లో, అంటే స్కీముతో ఒప్పందంలో ఉన్న ఆసుపత్రులు. వాళ్లకి మనమిచ్చేవి సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్లు, అవీ ఆలస్యంగా. బకాయి పెరిగితే 'బెడ్లు ఖాళీ లేవండీ' అంటారు. ఒకసారి మేం పంపిన పేషంటుని ఓ ఆసుపత్రివాళ్లు సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. చీటీ చేతికిచ్చేముందు నువ్వే ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కో. బిల్లుల తగాదా పేషంటు ముందు వద్దు.

ఎమర్జెన్సీకి చీటీ అక్కర్లేదన్న సంగతి చాలామందికి తెలియదు. ప్యానెల్లో ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లొచ్చు. ప్యానెల్లో లేనిచోట చేరాల్సివస్తే 48 గంటల్లో పాలీక్లినిక్‌కి కబురు చేసి, బిల్లులు దాచుకోవాలి. ఇదంతా తెలుగులో, పెద్దక్షరాల్లో ఒక కాగితం మీద అచ్చు వేయించు. కార్డున్న ఆయనకి కాదు, వాళ్లావిడకి ఇవ్వు. ఆయన ఛాతీ పట్టుకుని కూలబడిన రాత్రి బీరువాలో కాగితం వెతికేది ఆవిడే.

ఇట్లు,
మామయ్య