అమెరికాలో ఇంటి ఇంటర్నెట్ విషయంలో ఫోన్ కంపెనీల కంటే కేబుల్ కంపెనీలు ఎలా ముందుకెళ్లాయి?

ప్రధాన కారణం ఇంట్లోకి వచ్చే తీగే: ఫోన్ వాళ్లది మాటల కోసం వేసిన సన్నటి రాగి తీగల జత, కేబుల్ వాళ్లది పదుల కొద్దీ టీవీ ఛానళ్లు మోయడానికి వేసిన లావుపాటి కోయాక్సియల్ వైరు.

తీగ మోసే ఫ్రీక్వెన్సీల పరిధి (హెర్ట్జ్‌లలో కొలుస్తారు) ఎంత పెద్దదైతే అంత ఎక్కువ డేటా పడుతుంది. ఫోన్‌లో మాట వినపడటానికి సుమారు 3,400 హెర్ట్జ్ వరకు ఉంటే చాలు. అదే తీగ మీద ఇంటర్నెట్ ఇచ్చే డీఎస్ఎల్ పద్ధతిలో ఒక రకమైన ఏడీఎస్ఎల్ పేరుతో దాదాపు 1.1 మెగాహెర్ట్జ్ దాకా లాగారు. కేబుల్ వైరు 750 మెగాహెర్ట్జ్‌నీ, అంతకంటే ఎక్కువనీ మోస్తుంది. పైగా రాగి జతలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసించిపోతుంది. కేబుల్‌కైతే దారిలో సిగ్నల్‌ను మళ్లీ పెంచే యాంప్లిఫయర్లు ఉంటాయి.

ఏడీఎస్ఎల్‌కి మెరుగైన రూపమైన ఏడీఎస్ఎల్2+ సంగతే చూడండి. ఫోన్ తీగలన్నీ చేరే ఎక్స్ఛేంజి పక్కింటికి 24 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. అయిదు కిలోమీటర్ల అవతలి ఇంటికి ఒకటో రెండో వస్తే గొప్ప.

చాలామంది ఇక్కడే పొరబడతారు: "కేబుల్ లైను వీధంతా పంచుకుంటుంది, డీఎస్ఎల్ మన ఒక్కరిదే, కాబట్టి అదే ఫాస్ట్" అని. పంచుకోవడం నిజమే, రాత్రి అందరూ వీడియోలు పెట్టే వేళ కేబుల్ నెమ్మదించవచ్చు కూడా. కానీ చెరువులో మన వాటా సొంత చెంబు కంటే పెద్దదే కావచ్చు కదా! పైగా ఎక్స్ఛేంజి దాటాక డీఎస్ఎల్ కూడా ఉమ్మడి దారే.

అందుకే ఫోన్ కంపెనీలు కాంతితో డేటా మోసే ఫైబర్ బాట పట్టాయి. వెరైజన్ 2004లో టెక్సాస్‌లోని కెల్లర్‌లో ఫియోస్ అనే ఫైబర్ సర్వీసు మొదలుపెట్టింది. ఏటీ అండ్ టీ 2020లో కొత్త డీఎస్ఎల్ కనెక్షన్లు ఇవ్వడమే మానేసింది.