వరిగడ్డికి జతగా జనుము ఎండుమేత

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. మూడెకరాల వరి, నాలుగు ముర్రా గేదెలు ఉన్నాయి. యంత్రంతో కోయిస్తున్నప్పటి నుంచి గడ్డి చేలోనే నలిగిపోతోంది. వేసవిలో కొనవలసి వస్తోంది. వరిగడ్డికి బదులు ఎండబెట్టి దాచుకోదగిన పైరు ఏదైనా వేయవచ్చా? పూర్వం జనుము మేపేవారని మా అమ్మ అంటుంది.

జవాబు: మీ అమ్మగారి మాట నిజం. జనుమును ఇప్పుడు చాలామంది పచ్చిరొట్ట ఎరువుగానే ఎరుగుదురు గాని, సార్వా (వానాకాలపు వరి) కోతకు నాలుగైదు రోజుల ముందు నిలిచి ఉన్న చేలోనే జనుమును, పిల్లిపెసర అనే పప్పుజాతి మేతపైరును చల్లి, నేలలో మిగిలిన పదునుతోనే పెంచి పశువులకు వేయడం గోదావరి, కృష్ణా డెల్టాల పాత అలవాటు. అయితే గడ్డికి బదులుగా కాక జతగా అనుకోండి. వరిగడ్డిలో మాంసకృత్తులు నాలుగు శాతానికి మించవు, పైగా అందులోని ఆక్సలేట్లు సున్నపు ధాతువును (కాల్షియం) ఒంటికి పట్టనివ్వవు. సకాలంలో కోసిన జనుములో మాంసకృత్తులు దానికి మూడు నాలుగింతలు ఉంటాయి, సున్నపు ధాతువు కూడా పుష్కలం.

మీకు అసలు అడ్డంకి దాళ్వా, అంటే సార్వా తరువాత వేసే రెండో పంట వరి. నాట్లు పడే చేలో జనుముకు వ్యవధి చాలదు కనుక, కాలువ నీరు సరిగా ఎక్కని మెరక చెక్క ఒక అర ఎకరం ఉంటే దానిని మేతకు విడిచిపెట్టండి. ఆ చెక్కనైనా మనుషులతో కోయించండి. యంత్రపు చక్రాలు మొలకను నలిపేస్తాయి, అది వదిలిన గడ్డి వరుసల కింద మిగిలినది తెల్లబడి చస్తుంది. అది కుదరకపోతే, గడ్డి ఎత్తివేసిన మరునాడే పదును ఆరకముందు తేలికగా దున్ని చల్లండి. విత్తనం ఎకరానికి 15 కిలోలకు తగ్గించవద్దు. పలచగా వేస్తే కాండాలు లావెక్కి, గేదెలు ఆకు దూసుకుని పుల్లలు వదిలేస్తాయి.

కార్తికం చివర చల్లినది సంక్రాంతి దాటగానే, అంటే 45–50 రోజులకు, మొగ్గ తొడుగుతుంది. అప్పుడే కోయండి. పది రోజులు ఆలస్యమైతే నార ముదిరి, ఎండుమేత కాక తాడు మిగులుతుంది. కాయ కట్టనిస్తే గింజల్లో ఉండే విషపదార్థాలు పశువుకు చేటు. కోసినది ఒక రోజు చేలోనే వాడనిచ్చి, ఆపైన చిన్న పనలు కట్టి నిలబెట్టి ఆరబెట్టండి. తిరగవేయడం, ఇంటికి తోలడం మంచు పూర్తిగా ఆరకముందు, పొద్దున్నే జరగాలి. మిట్టమధ్యాహ్నం కదిపితే ఆకు గలగల రాలిపోతుంది, బలమంతా ఆ ఆకులోనే ఉంది.

మేపేటప్పుడు మూడు పాళ్ల వరిగడ్డికి ఒక పాలు కలిపి, మొదటి వారం గుప్పెడుతో మొదలుపెట్టి పెంచండి. పిల్లిపెసర ఇంకా మెత్తన, గేదెలకు ఇంకా ఇష్టం. కాని నేల మీద అల్లుకుంటుంది కనుక కోత కష్టం, దానిని పచ్చిగా మేపుకోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: నిరుడు జనుము మేటు వేస్తే లోపల వేడెక్కి బూజు పట్టింది. కారణం ఏమిటి?

జవాబు: తడి ఆరకుండానే మేటు వేశారు. జనుములో ఆకు ముందు ఎండుతుంది, కాండం లోపల పచ్చిగానే ఉంటుంది, చూపుకు మోసం జరిగేది అక్కడే. మేటు వేసే ముందు నాలుగైదు కాండాలు కలిపి మెలిపెట్టి చూడండి, చేతికి చెమ్మ తగలకూడదు. అనుమానం తీరకపోతే, ఆరిన ఆవకాయ సీసాలో తరిగిన మేత, చారెడు పొడి ఉప్పు వేసి మూతపెట్టి బాగా కుదపండి. ఉప్పు ఉండకడితే తేమ 15 శాతం పైన ఉన్నట్టు, ఇంకా ఆరవలసిందే. వేసిన తరువాత వారం పది రోజులు మేటు నడుమకు ఇనుప ఊచ గుచ్చి ఉంచి, రోజూ లాగి పట్టుకోండి. చేయి ఓర్వలేనంత వేడిగా ఉంటే ఆ పూటే మేటు విప్పివేయండి, ఆలస్యం చేస్తే దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది. బూజు పట్టినదాన్ని, ముఖ్యంగా చూడి గేదెలకు, వేయవద్దు, పెంటకుప్పలోకి తోలండి.