చరిత్ర ప్రశ్నలు: పదకొండింటికి రెండు నిమిషాల ముందు

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధం ఆగడానికి రెండు నిమిషాల ముందు చనిపోయిన కెనడా సైనికుడు జార్జ్ లారెన్స్ ప్రైస్ గురించి చదివాను. ఆయన్ని చట్టం పెట్టి సైన్యంలోకి లాక్కున్నారట. అలా వెళ్లిన మనిషి, కాసేపట్లో కాల్పులు ఆగుతాయని తెలిసి కూడా ముందుకెందుకు వెళ్లాడు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లాక్కున్న మాట నిజమేనమ్మా. ప్రైస్ పుట్టింది నోవా స్కోషియాలో, 1892 డిసెంబరులో. కుర్రతనంలోనే పడమటికి, సస్కాచ్వాన్‌లోని మూస్ జా అనే ఊరికి వెళ్లిపోయాడు. 1917 అక్టోబరులో అక్కడే ఆయన్ని సైన్యంలోకి తీసుకున్నారు.

అప్పటికి కెనడాలో స్వచ్ఛందంగా చేరేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని విమీ గుట్ట దగ్గర నాలుగు రోజుల్లోనే మూడున్నర వేల మందికి పైగా కెనడా వాళ్లు చనిపోయారు. పోయినవాళ్ల స్థానాల్లోకి మనుషులు కావాలి. అందుకే ప్రధాని బోర్డెన్ ఆగస్టులో నిర్బంధ సైనిక సేవా చట్టం తెచ్చాడు. మొదటి పిలుపు 20 నుంచి 34 ఏళ్ల లోపు పెళ్లికాని మగవాళ్లకు. ప్రైస్ వయసు అప్పుడు 24.

ఇక్కడ ఒక లెక్క చూడండి. నవంబరు 10 నాటికి ఈ చట్టం కింద పేరు నమోదైనవాళ్లు సుమారు 3 లక్షల 32 వేలు. అందులో 3 లక్షల 10 వేల మంది మినహాయింపు కోరారు. అంటే ఇష్టం లేకపోవడం ఏ ఒక్కడి పిరికితనమో కాదు, ఊరూరా ఉన్నదే. పొలం పనికి మనిషి లేడని రైతులు, ఈ యుద్ధం మాది కాదని ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ జనం ఎదురు తిరిగారు. 1918 ఈస్టర్ రోజుల్లో క్యూబెక్ నగరంలో సైన్యం కాల్పులకు నలుగురు పౌరులు చనిపోయారు. ఎన్నికల ముందు రైతుబిడ్డలకు ఇచ్చిన మినహాయింపును ఆ ఏప్రిల్‌లోనే ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఓట్లు పడ్డాక మాట తప్పడం నా దృష్టిలో క్షమించరానిది.

ఇలా చేరినవాళ్లకు జీతం రోజుకు డాలరు, దానిమీద యుద్ధభూమి భత్యం పది సెంట్లు. ముందు స్వదేశంలో కవాతు, తర్వాత ఓడెక్కి ఇంగ్లండులో మళ్లీ శిక్షణ, ఆపైన ఫ్రాన్సు. అక్కడ వాళ్లకంటూ కొత్త పటాలం ఉండదు. ఖాళీలున్న పాత పటాలాల్లోకి కొందరు కొందరుగా పంపించేవారు. ప్రైస్ వెళ్లింది 28వ పటాలానికి. సొమ్, విమీ, పాషెన్‌డేల్ యుద్ధాలు చూసి వచ్చినవాళ్ల మధ్య కొత్త మొహం. పక్కవాడి పేరు నోటికి వచ్చేసరికి ఆ పక్కవాడు ఉండకపోవచ్చు. ఆ టెన్షన్ తలుచుకుంటేనే నాకు మనసు బరువెక్కుతుంది.

చట్టం కింద తీసుకున్నవాళ్లు లక్షా 24 వేల మంది. యుద్ధం ఆగేలోపు ఫ్రాన్సులో పోరాడే దళాలకు చేరినవాళ్లు సుమారు 24 వేలే. "ఇంతోటిదానికి దేశాన్ని రెండుగా చీల్చాలా?" అని రాసినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1918 ఆగస్టు 8 నుంచి నవంబరు 11 దాకా జరిగిన చివరి దాడుల్లో కెనడా వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిసి 45 వేల మంది దాకా ఉన్నారు. ఆ ఖాళీల్లోకి వెళ్లి నిలబడింది ఈ కుర్రాళ్లు. అయినా స్వచ్ఛందంగా వెళ్లినవాళ్ల గురించి చెప్పుకున్నంతగా వీళ్ల గురించి ఎవరూ చెప్పుకోలేదు.

ఇక ఆ నవంబరు 11 ఉదయం సంగతి. బెల్జియంలో మోన్స్ దగ్గర 28వ పటాలం తొమ్మిదింటికల్లా కాలువ గట్టు చేరింది. పదకొండింటికి కాల్పులు ఆపాలన్న కబురు అందింది. అవతలి ఒడ్డున వీల్-స్యుర్-ఎన్ అనే పల్లె. అక్కడి ఇళ్ల పైభాగాల్లో ఇటుకలు తీసి చేసిన తుపాకీ కంతలు కనిపించాయి. ఇవతల కెనడా వాళ్లంతా చాటు లేని గట్టుమీద ఉన్నారు. పైనుంచి ఆజ్ఞ లేకపోయినా తామే అనుకుని వంతెన దాటామని ప్రైస్‌తో వెళ్లిన సైనికుడు తర్వాత చెప్పాడు. ఇళ్లు వెతుకుతుంటే మెషిన్‌గన్లు పేలాయి. జర్మన్లు వెనక్కి తగ్గారు. బయటికి వెళ్లొద్దని ప్రైస్ ఉన్న ఇంటివాళ్లు చెప్పారు. ప్రైస్ వీధిలోకి అడుగుపెట్టగానే గుండె దగ్గర తూటా తగిలింది. ఎదురింటి నుంచి ఒక బెల్జియం అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఉపచారం చేసింది. 10:58కి ప్రాణం పోయింది.

గట్టుమీద తోటివాళ్లున్నారు కాబట్టి వెళ్లాడు. ఇదే నా జవాబు. చట్టం ఆయన్ని ఫ్రాన్సు దాకా తీసుకెళ్లింది గానీ వంతెన దాటించలేదు.

మా అమ్మాయి బ్రస్సెల్స్‌లో ఉన్నప్పుడు సాం-సింఫోరియాం శ్మశానానికి వెళ్లాను. ప్రైస్ సమాధి అక్కడే ఉంది. ఆ యుద్ధంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ సైనికుడు పార్, చివరివాడు ఎల్లిసన్, వందల మంది జర్మన్లు కూడా ఆ చెట్ల కిందే ఉన్నారు. రాళ్లమీద పేరు, పటాలం, తేదీ లాంటి వివరాలే. ఎవరు ఇష్టపడి వచ్చారు, ఎవరిని తెచ్చారు అన్నది ఏ రాయిమీదా లేదు.

ప్రశ్న: మా అబ్బాయి విన్నిపెగ్‌లో కొన్న పాత ఇంట్లో ఒక సైనికుడి పతకం దొరికింది. అంచుమీద నంబరు, పేరు ఉన్నాయి. ఆయన ఎవరో తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మొదటి యుద్ధం పతకమైతే తప్పకుండా ప్రయత్నించండి. ఒట్టావాలోని లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా ఆ యుద్ధ సైనికుల ఫైళ్లు ఆరు లక్షలకు పైగా స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. పేరు, నంబరు కొట్టి వెతకొచ్చు. ముందు చేరిక కాగితం చూడండి. చట్టం కింద తీసుకున్నవాళ్లకు వేరే ఫారం ఉండేది, దాని శీర్షికలోనే 1917 చట్టం పేరు కనిపిస్తుంది. జీతంలో ఇంటికి ఎంత పంపాడో, ఏ ఆసుపత్రిలో ఎన్నాళ్లున్నాడో కూడా చాలా ఫైళ్లలో ఉంటుంది. దగ్గరి బంధువు చిరునామా కూడా చూడమనండి, ఒకవేళ అది మీ అబ్బాయి ఇల్లే కావచ్చు.